18,500 రూపాయల ఫ్యూజును విని, కొలిచి చూశాం

స్టీరియో ఆంప్లిఫయరు వెనక, కరెంటు తీగ వచ్చి చేరే చోటికి పక్కనే, చాలా వాటిలో గుండ్రని నల్లమూత ఒకటి ఉంటుంది. దాన్ని తిప్పి లాగితే చిటికెనవేలి కొస కణుపంత గొట్టం ఒకటి చేతికి వస్తుంది. పొడవు 20 మిల్లీమీటర్లు, మందం 5 మిల్లీమీటర్లు. మద్రాసులో ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే రిచీ వీధిలో విడిగా అడిగితే పది రూపాయలకు ఇస్తారు. తిరువాన్మియూరులో ఉండే మా బావగారు అదే కొలతల గొట్టాన్ని ఈమధ్య 18,500 రూపాయలు పెట్టి కొన్నారు. కొని, అమర్చుకుని, రెండు రోజులు విని, మూడో రోజు నాకు ఫోను చేశారు. "ఒకసారి వచ్చి వినవయ్యా, భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా ఉంది" అన్నారు. ఆయన మాటను తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. నెల్లూరు నుంచి బ్యాంకు ఉద్యోగం మీద వచ్చి మద్రాసులో స్థిరపడిన నాటి నుంచి ఏటా మార్గళి (ధనుర్మాసం) కచేరీలు తప్పకుండా వింటున్న మనిషి. శ్రుతి వెంట్రుకవాసి తగ్గినా ముఖం చిట్లిస్తారు.

శబ్ద నాణ్యత మీద మోజున్నవారి కోసం చేసే ఇటువంటి ఆడియోఫైల్ ఫ్యూజులను అమెరికా, జర్మనీ, జపాను దేశాల సంస్థలు కొన్ని చాలా ఏళ్ళుగా అమ్ముతున్నాయి. బావగారు కొన్నదాని పేరు గానీ, అమ్మిన దుకాణం పేరు గానీ ఇక్కడ రాయడం లేదు. మేము చూసింది ఒకే ఒక్క ఫ్యూజు, అదీ ఒకే ఒక్క ఆంప్లిఫయరులో. ఒక కంపెనీని పట్టుకుని తీర్పు చెప్పడానికి అంత సరంజామా చాలదు. సరుకు చూడముచ్చటగా ఉన్న మాట మాత్రం ఒప్పుకోవాలి. ముక్కుపుడక కొంటే నగల దుకాణం వాళ్ళు ఇచ్చేలాంటి మఖమలు పెట్టె, అందులో స్పాంజి గాడి, గాడిలో తెల్లని పింగాణీ గొట్టం, రెండు కొసలకూ బంగారు పూత టోపీలు, ఒంటి మీద ఒక బాణం గుర్తు. కరెంటు ఆ బాణం చూపిన వైపుకే ప్రవహించాలని, తిరగేసి పెడితే శబ్దం మసకబారుతుందని లోపలి కాగితం చెబుతుంది. మన ఇళ్ళకు వచ్చేది 50 హెర్ట్జ్ కరెంటు. అది సెకనుకు 100 సార్లు దిక్కు మార్చుకుంటుంది. బాణాన్ని ఎటు తిప్పి పెట్టినా సగం కాలం దానికి ఎదురు నడకే కనుక, ఆ విషయం మీద నేను ఇంకొక వాక్యం ఖర్చు పెట్టను.

మొదటిసారి విన్నప్పుడు నాకే తేడా తెలిసింది. ఇది దాచుకోవలసిన సంగతి కాదు, పైగా ఈ కథంతా అక్కడి నుంచే మొదలవుతుంది. సంక్రాంతి వెళ్ళిన వారం, మధ్యాహ్న భోజనాలయ్యాక, పాత ఫ్యూజుతో ఈమని శంకరశాస్త్రి గారి వీణ ఒక పది నిమిషాలు విన్నాం. బావగారు ఆంప్లిఫయరు ఆపి, ప్లగ్గు పీకి, కొత్త ఫ్యూజు పెట్టి మళ్ళీ అదే భాగం వినిపించారు. మీటు వేసిన తరువాత తీగ మీద గోరు జారే చప్పుడు, గమకం చివర సన్నగిల్లిపోయే నాదం, వెనక తంబూరా ఝంకారం, అన్నీ ఒక అడుగు ముందుకు వచ్చినట్టు అనిపించాయి. "నిజమే బావగారూ, తెలుస్తోంది" అని నేనే అన్నాను. అప్పుడు గుమ్మంలో నిలబడి చూస్తున్న మా మేనల్లుడు, ఇంజనీరింగు మూడో ఏడు చదువుతున్నవాడు, "మామయ్యా, మొదటిసారి విన్నప్పుడు ఫ్యాను తిరుగుతోంది కదా?" అన్నాడు. పైకి చూశాను. ఫ్యాను ఆగి ఉంది. రెండోసారి శ్రద్ధగా విందామని, ఎవరు ఆపారో ఎవరికీ గుర్తు లేకుండా, మాలో ఎవరో ఒకరు దాన్ని ఆపేశారు. నాదం చివర సన్నగిల్లే చోట వినిపించేవన్నీ ఫ్యాను హోరు కింద మునిగిపోయేవే. ఫ్యాను తిరుగుతూ ఉండగానే మళ్ళీ కొత్త ఫ్యూజుతో వింటే, ముందుకు వచ్చిన తంబూరా వెనక్కి వెళ్ళి కూర్చుంది.

బావగారు అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. "ఫ్యాను సంగతి సరేనయ్యా, మరి ఆ చిటపట ఎందుకు పోయినట్టు?" అని అడిగారు. ఇది సరైన ప్రశ్న. ఏడాదిగా ఆ ఆంప్లిఫయరు నుంచి అప్పుడప్పుడూ, ముఖ్యంగా మృదంగం గట్టిగా మోగినప్పుడు, పోపు గింజలు పేలినట్టు చిన్న చిటపట వచ్చేది. నేనూ రెండు మూడుసార్లు విన్నాను. కొత్త ఫ్యూజు పెట్టిన రోజు నుంచి అది లేదు. ఫ్యాను మీదికి నెట్టేయడానికి వీల్లేని తేడా ఇది. అందుకని ప్లగ్గు పీకేసి, ఫ్యూజు హోల్డరు లోపలికి టార్చి వేసి చూశాం. సముద్రానికి నాలుగు వీధుల దూరంలో ఉన్న ఇల్లు. ఆ ఉప్పుగాలికి కిటికీ గడియలు రెండేళ్ళకోసారి మార్చవలసి వస్తుందని అక్కయ్య మొత్తుకుంటూనే ఉంటుంది. హోల్డరు అడుగున ఉన్న ఇత్తడి కాంటాక్టు మీద పచ్చని చిలుము ఉంగరంలా కట్టి ఉంది. దాని మధ్యలో, కొత్త ఫ్యూజు టోపీ తిరిగి ఒరుసుకున్న చోట మాత్రం, చుక్కంత మేర పసుపుగా మెరుస్తోంది. పాత ఫ్యూజు టోపీలు రెండూ నల్లబడి ఉన్నాయి.

చిలుము పట్టిన చోట లోహానికి లోహం సరిగా తగలదు. కరెంటు ఎక్కువ లాగిన క్షణంలో అక్కడ చిన్న నిప్పురవ్వ పుడుతుంది, అదే స్పీకరులో చిటపటగా వినిపిస్తుంది. హోల్డరును కాంటాక్ట్ క్లీనరుతో శుభ్రం చేసి, పాత ఫ్యూజు టోపీలను గరుకు కాగితంతో మెత్తగా రుద్ది, ఆ పది రూపాయల దాన్నే తిరిగి పెట్టి వారం రోజులు వదిలేశాం. చిటపట రాలేదు. ఖరీదైన ఫ్యూజు పెట్టాక మార్పు వచ్చిందని చెప్పే చాలామంది అబద్ధం చెప్పడం లేదని నేను నమ్మడానికి కారణం ఇదే. పదేళ్ళుగా ఎవరూ ముట్టుకోని కాంటాక్టును ఆ ఫ్యూజు నెపంతో ఒకసారి గీకినట్టవుతుంది. ఆ పనికి గీకుడు చాలు, బంగారు పూత అక్కర్లేదు.

నేను అంబత్తూరు పారిశ్రామికవాడలో, పవర్ సప్లయిలను పరీక్షించే పనిలో ఉన్నాను. మరుసటి సోమవారం రెండు ఫ్యూజులనూ చొక్కా జేబులో వేసుకుని వెళ్ళాను. వీటి నిరోధం ఎంత తక్కువంటే మామూలు మల్టీమీటరుతో నేరుగా కొలిస్తే మీటరు తీగల నిరోధమే ఎక్కువ చూపిస్తుంది. అందుకని ఫ్యూజు గుండా సరిగ్గా 1 ఆంపియరు పంపి, రెండు టోపీల మధ్య ఎన్ని మిల్లీవోల్టులు పడుతున్నాయో చూడాలి. మామూలు ఫ్యూజుకు 24 మిల్లీవోల్టులు, అంటే 24 మిల్లీఓములు. ఖరీదైనదానికి 21. మూడు మిల్లీఓములైతేనేం, మెరుగు మెరుగే కదా అనుకుంటూ గొట్టం మీది అక్షరాలు చదివితే అసలు సంగతి బయటపడింది. ఆంప్లిఫయరు వెనక పలక మీద 3.15 ఆంపియర్లని ఉంది, పాత ఫ్యూజూ అంతే. కొత్తదాని మీద 4 ఆంపియర్లని ఉంది. ఒక మెట్టు ఎక్కువది వేసుకుంటే శబ్దం ఇంకా విప్పారుతుందని దుకాణంలో సలహా ఇచ్చారట. ఆంపియర్లు పెరిగితే లోపలి తీగ లావవుతుంది, నిరోధం తగ్గుతుంది. అందులో వింతేమీ లేదు. మా స్టోర్సులో ఉన్న మామూలు 4 ఆంపియర్ల ఫ్యూజును తీసి కొలిస్తే 18 మిల్లీఓములు వచ్చింది. సమానమైనవాటిని సమానంగా పోల్చిన చోట, కనీసం ఈ జతలో, ఖరీదైనదే వెనకబడింది.

సరే, మూడు మిల్లీఓముల తేడా ఉందనే అనుకుని లెక్క వేద్దాం. బావగారింట్లో మీటరు బోర్డు నుంచి హాల్లో ప్లగ్గు దాకా గోడలో సుమారు 14 మీటర్ల తీగ ఉంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగకు కిలోమీటరుకు దాదాపు 7.4 ఓముల నిరోధం. పోను 14, రాను 14, మొత్తం 28 మీటర్లకు 207 మిల్లీఓములు అవుతుంది. రెండు ఫ్యూజుల మధ్య ఉన్న 3 మిల్లీఓముల తేడా ఆ తీగలో 40 సెంటీమీటర్లకు సమానం. ఇంకో విధంగా చెప్పాలంటే, బోర్డుకు 20 సెంటీమీటర్లు దగ్గరగా ఉన్న ప్లగ్గులో ఆంప్లిఫయరు పెట్టుకుంటే అంతే మేలు జరుగుతుంది. ఇక సాయంత్రం ఆరు నుంచి పది దాకా మేనల్లుడు ప్లగ్గు దగ్గర వోల్టేజీ రాసి పెట్టాడు. వీధిలో ఏసీలు వేసే వేళకు 221 దాకా దిగింది, రాత్రి 238 దాకా ఎక్కింది. సాధారణంగా పాట వినేటప్పుడు ఆ ఆంప్లిఫయరు లాగే అర ఆంపియరు లోపు కరెంటుకు 3 మిల్లీఓముల మీద పడేది ఒకటిన్నర మిల్లీవోల్టు. పదిహేడు వోల్టులు అటూ ఇటూ ఊగుతున్నప్పుడు తెలియని తేడా ఒకటిన్నర మిల్లీవోల్టుకు తెలుస్తుందా?

ఆ ఊగిసలాట కూడా చెవికి ఎందుకు తెలియదో చెప్పుకోవాలి. కరెంటు ఫ్యూజు దాటి నేరుగా స్పీకరుకు వెళ్ళదు. ట్రాన్స్‌ఫార్మరులో దిగి, డయోడ్లలో ఒకే దిక్కుకు మళ్ళి, డబ్బాల్లాంటి పెద్ద కెపాసిటర్లలో నిలవ అవుతుంది. అవి కూడా నిరంతరాయంగా తాగవు, అల శిఖరం దగ్గరికి వచ్చినప్పుడల్లా ఒక గుటక వేస్తాయి. స్పీకరును కదిలించేది ఆ నిలవలోని శక్తి. మద్రాసులో వేసవి గడిపినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. నీళ్ళ లారీ వచ్చి సంపు నింపుతుంది, సంపు నుంచి మోటారు మేడ మీది ట్యాంకు నింపుతుంది, స్నానాల గదిలో ధార ట్యాంకు నుంచి వస్తుంది. లారీ గొట్టానికి వెండి బిగింపు వేయించినంత మాత్రాన ధార మారదు.

లెక్కలు బావగారికి రుచించలేదు. "చెవికి తెలిసేదంతా మీ మీటరుకు తెలుస్తుందా?" అన్నారు. ఇది వాదించి తేల్చే విషయం కాదు కనుక చెవితోనే తేల్చుకుందామని రెండు ఆదివారాలు కేటాయించాం. ఆంప్లిఫయరు వెనక భాగానికి అక్కయ్య పాత పట్టుచీర ఒకటి తెరగా కట్టాం. మేనల్లుడు తెర వెనక నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఒకటి, బొరుసు పడితే రెండోది పెట్టి, కాగితం మీద రాసుకునేవాడు. అదే ఫ్యూజు మళ్ళీ వచ్చినా సరే, ప్రతిసారీ ప్లగ్గు పీకి, మూత తీసి, ఫ్యూజు బయటికి లాగి తిరిగి పెట్టాలని నియమం. లేకపోతే చప్పుడును బట్టి ఊహించవచ్చు. వాడు మాట్లాడకూడదు, మా ముఖాలు చూడకూడదు. శబ్దం ఒక్క పిసరు పెద్దదైతే చాలు, చెవి దాన్ని పెద్దది అనుకోదు, బాగుంది అనుకుంటుంది; అందుకని వాల్యూము మీట మీద కాగితపు పట్టీ అతికించి, పరీక్ష స్వరం ఒకటి వినిపిస్తూ స్పీకరు కొనల దగ్గర వోల్టేజీ రెండు ఫ్యూజులతోనూ ఒకటేనని ముందే చూసుకున్నాం. ఫ్యాను ఆపేశాం. జనవరి నెలాఖరే అయినా రెండో గంటకు చొక్కాలు తడిశాయి.

ఎనిమిదేసి చొప్పున మొత్తం 16 విడతలు. 16లో 12 సరిగ్గా చెబితే, అది కేవలం ఊహాగానం వల్ల జరిగే అవకాశం నూటికి నాలుగు పాళ్ళ లోపు, కాబట్టి 12 వస్తే నేను ఓడిపోయినట్టని ముందే ఒప్పుకున్నాను. బావగారికి 7 వచ్చాయి. నాకు 9 వచ్చాయి, దాన్ని చూసి నేను మురిసిపోవడానికి ఏమీ లేదు. నాణెం ఎగరేసుకుని చెప్పినా సగటున 8 వస్తాయి. వీణతో పాటు బాలమురళీకృష్ణ గారి గాత్రం, షేక్ చిన మౌలానా గారి నాగస్వరం కూడా వినిపించాం. దేనితోనూ మెరుగు కాలేదు. ఇంతకంటె పెద్ద స్థాయిలో జరిగిన పరీక్షలు కూడా ఈ దారినే పోయాయి. 2007లో బోస్టన్ ఆడియో సొసైటీకి చెందిన మేయర్, మొరాన్ అనే ఇద్దరు, మామూలు సీడీ కంటె సూక్ష్మంగా శబ్దాన్ని నిలవ చేసే సూపర్ ఆడియో సీడీ శబ్దాన్ని మామూలు సీడీ స్థాయి గుండా పంపితే శ్రోతలు పట్టుకోగలరా అని 554 విడతలు నడిపితే, 276 సార్లు సరైన సమాధానం వచ్చింది. అది సరిగ్గా సగానికి ఒకటి తక్కువ. అక్కడ మారింది సంగీతం ప్రయాణించే దారే. మా దగ్గర మారింది దానికి ఎన్నో గడపల అవతల ఉన్న కరెంటు దారి.

ఈ పరీక్షకు ఉన్న లోపం నాకు తెలుసు. ఒక్కొక్కసారి ఫ్యూజు మార్చడానికి ఒకటిన్నర నిమిషం పట్టేది, శబ్దపు సూక్ష్మాలు అంతసేపు జ్ఞాపకంలో నిలవవు. కనుక అతి చిన్న తేడా ఏదైనా ఉంటే మా వలలో పడకుండా పోయి ఉండవచ్చు. కానీ బావగారు ఫోనులో చెప్పింది అతి చిన్న తేడా గురించి కాదు. భూమికీ ఆకాశానికీ ఉన్న తేడా ఒకటిన్నర నిమిషంలో మరుపుకు వచ్చేది కాదు. మేనల్లుడు తన పంతాన తానూ ఒకటి చేశాడు. స్పీకరు కొనల దగ్గర నుంచి శబ్దాన్ని లాప్‌టాప్‌లోకి రికార్డు చేసి, ఒక ఫ్యూజుతో చేసిన రికార్డు నుంచి రెండోదాన్ని తీసివేసి ఏం మిగిలిందో చూశాడు. ఒక మంద్రమైన బుస మిగిలింది. ఒకే ఫ్యూజుతో రెండుసార్లు రికార్డు చేసి తీసివేసినా అంతే బుస మిగిలింది.

ఇంతవరకు చెప్పింది డబ్బుకు సంబంధించిన మాట. నాకు అసలు అభ్యంతరం మరొక చోట ఉంది. ఫ్యూజు పాట కోసం పుట్టలేదు. లోపల ఏదైనా కాలిపోయి కరెంటు అదుపు తప్పినప్పుడు, ట్రాన్స్‌ఫార్మరు కంటె, తీగల కంటె, ఇంటి కంటె ముందు తాను తెగిపోవడమే దాని ఉద్యోగం. మామూలు ఫ్యూజు టోపీ మీద సూదితో గీసినంత చిన్న అక్షరాలు ఉంటాయి: టీ అంటే నిదానంగా తెగేది, ఎఫ్ అంటే చటుక్కున తెగేది, ఎల్ అంటే తక్కువ తెంపు సామర్థ్యం, హెచ్ అంటే ఎక్కువ. ఐఈసీ (అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్) 60127 ప్రమాణం ప్రకారం ఎల్ రకం 35 ఆంపియర్లను, లేదా తన రేటింగుకు, అంటే మీద రాసి ఉన్న ఆంపియర్లకు, పది రెట్లను, ఏది ఎక్కువైతే దాన్ని భద్రంగా తెంచగలగాలి. హెచ్ రకం 1,500 ఆంపియర్లను. 230 వోల్టుల ఇంట్లో షార్టు జరిగి, దారి మొత్తం మీద అర ఓము నిరోధమే ఉంటే 460 ఆంపియర్లు పరుగెడతాయి. అటువంటప్పుడు గాజు గొట్టం పగిలి లోపలి మెరుపు బయటికి రావచ్చు. హెచ్ రకాల్లో సాధారణంగా పింగాణీ గొట్టం నిండా ఇసుక నింపేది, ఆ మెరుపును మింగి గాజులా గడ్డకట్టడానికే. బావగారి ఫ్యూజు మీద బాణం ఉంది, 4 ఆంపియర్లని ఉంది. ఏ ప్రమాణ సంస్థ ముద్రా లేదు, టీయో ఎఫ్ఫో లేదు, ఎల్లో హెచ్చో లేదు. భూతద్దం పెట్టి చూసినా కనిపించలేదు.

చవకది కదా అని పది రూపాయలదాన్ని నేను నెత్తిన పెట్టుకోవడం లేదు. నిదానంగా తెగే ఎల్ రకానికి ఆ ప్రమాణం పెట్టిన నిబంధన ఏమిటంటే, రేటింగుకు 2.1 రెట్ల కరెంటు పంపితే 2 నిమిషాల లోపు తెగిపోవాలి. 3.15కు అది 6.6 ఆంపియర్లు. రిచీ వీధిలో పొట్లం కట్టి ఇచ్చిన పేరులేని ఫ్యూజులు అయిదింటిని మా బల్ల మీద కాల్చి చూశాను. తీగ ముందు ముదురు ఎరుపుకు తిరుగుతుంది, మధ్యలో వంగుతుంది, కంటికి కనిపించీ కనిపించకుండా చుక్కగా విడిపోతుంది. నాలుగు 30 నుంచి 70 సెకన్లలో తెగాయి. అయిదోది 3 నిమిషాలు దాటినా ఎర్రగా వెలుగుతూనే ఉంది, నేనే ఆపేశాను. ఆ పొట్లం చెత్తబుట్టలోకి పోయింది. ఖరీదైనదాన్ని కూడా ఇలాగే కాల్చి చూద్దామన్నప్పుడు బావగారు నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఆయన బాధ అర్థం చేసుకోదగ్గదే. కాకపోతే ఇక్కడే ఆ సరుకు గుట్టు ఉంది. ఫ్యూజు మంచిదో కాదో తెలుసుకోవాలంటే నాలుగైదు కాల్చి చూడాలి, 18,500 పెట్టి కొన్నవాడు ఒక్కటీ కాల్చడు.

ఫ్యూజు వల్ల శబ్దం మారే సందర్భం అసలే లేదనడం కూడా సరికాదు. కొన్ని పాత స్పీకర్ల వెనక, కొన్ని ఆంప్లిఫయర్ల అవుట్‌పుట్ దారిలో ఫ్యూజు ఉంటుంది. అక్కడ సంగీతమే ఫ్యూజు గుండా పోతుంది. మంద్ర స్వరాలు గట్టిగా మోగినప్పుడు అల పెరిగిన కొద్దీ తీగ వేడెక్కి, తగ్గిన కొద్దీ చల్లారి, నిరోధం ఆ లయలోనే మారుతూ ఉంటుంది. ముఖ్యంగా ఫ్యూజు తన రేటింగుకు దగ్గరగా పనిచేస్తున్నప్పుడు దానివల్ల పుట్టే వక్రీకరణను పరికరాలతో కొలవవచ్చు. ఎంత ఖరీదైన లోహమైనా వేడికి నిరోధం పెరగక తప్పదు కనుక, దానికి మందు బంగారు టోపీల ఫ్యూజు కాదు. రిలేతో, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చుతో, రక్షణ ఇచ్చే ఏర్పాటు ఉన్న ఆంప్లిఫయర్లు అందుకే ఉన్నాయి. బావగారిది గోడ నుంచి వచ్చే కరెంటు దారిలోని ఫ్యూజు, దీనికి ఆ గొడవ లేదు.

కాబట్టి కొనాలనుకునేవారికి నా సలహా పొట్టిగానే ఉంటుంది. ఆంప్లిఫయరు వెనక ఏ అక్షరాలు, ఏ అంకెలు ఉన్నాయో సరిగ్గా అవే ఉన్న ఫ్యూజును లిటెల్‌ఫ్యూజ్, షుర్టర్, ఈటన్ బుస్‌మన్ వంటి పేరున్న తయారీదారులది, బిల్లు ఇచ్చే డీలరు దగ్గర కొనండి. మేము తెచ్చినది 38 రూపాయలు. కాంటాక్ట్ క్లీనరు డబ్బా 300 చిల్లర అయింది. సముద్రం దగ్గర ఉండేవారు ఏడాదికోసారి, ప్లగ్గు పీకేసి, మూత తీసి హోల్డరును తుడుచుకుంటే మంచిది. మిగిలిన డబ్బుతో ఏం చేయవచ్చని బావగారు అడిగితే, కుడివైపు స్పీకరును మూల నుంచి రెండు అడుగులు ఇవతలికి జరపమన్నాను. అది జరిపాక మృదంగం ఎడమ మూత మోత ఎంత తేటపడిందంటే, అందుకు తెర గానీ నాణెం గానీ అవసరం లేకపోయింది. దానికి ఖర్చు కాలేదు, అక్కయ్య పూలకుండీకి చోటు మారడం తప్ప.

బావగారు మాత్రం పూర్తిగా ఒప్పుకోలేదు. వరుసగా ఎనిమిదిసార్లు అదే ముక్క వింటే చెవి మొద్దుబారుతుందని, పరీక్ష అనగానే మనసు బిగుసుకుపోతుందని, రోజుకు ఒకటి చొప్పున నెలంతా తీరిగ్గా వింటే తాను చెప్పగలనని అంటున్నారు. ఆ అభ్యంతరంలో న్యాయం ఉంది. నెల రోజుల పరీక్షకు నేనూ సిద్ధమే, మేనల్లుడూ సిద్ధమే. నేను పెట్టిన షరతు ఒక్కటే, 4 ఆంపియర్లది ఆ ఆంప్లిఫయరులో నెల రోజుల పాటు ఉండడానికి వీల్లేదు, 3.15ది తెప్పించాలి. దుకాణంలో అడిగితే అది రావడానికి ఆరు వారాలు పడుతుందన్నారట. అప్పటిదాకా హోల్డరులో 38 రూపాయలదే ఉంటుంది.